ఇంగ్లీషు ‘అప్’కి అర్థం ఉందా, బట్టీ పట్టడమేనా?

తొమ్మిదో తరగతి అమ్మ:
మా పాపకి స్కూల్లో నలభై మాటల లిస్టు ఇచ్చారు. గివ్ అప్, లుక్ అప్, మేక్ అప్, యూజ్ అప్, టర్న్ అప్... అన్నిటికీ చివర అప్పే. “అప్ అంటే పైకి అన్నారుగా మమ్మీ, మరి గివ్ అప్ అంటే వదిలేయడం ఎలా అయింది, వదిలేస్తే కింద పడాలి కదా” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. టీచర్‌ని అడిగితే రూల్ ఏమీ లేదు, బట్టీ పట్టించండి అన్నారు. శుక్రవారం టెస్టు, ఇంట్లో ఒకటే టెన్షన్. నిజంగానే రూల్ లేదా?

కోచింగ్ మాస్టారు:
లేదండీ. పన్నెండేళ్లుగా పోటీ పరీక్షలకి ఇంగ్లీషు చెబుతున్నా. స్లో అప్ అన్నా స్లో డౌన్ అన్నా నెమ్మదించడమే. ‘ఐయామ్ అప్ ఫర్ ఇట్’ అన్నా ‘ఐయామ్ డౌన్ ఫర్ ఇట్’ అన్నా నేను రెడీ అనే అర్థం. మనం ఫారం ఫిల్ అప్ చేస్తాం, అమెరికావాళ్లు ఫిల్ అవుట్ చేస్తారు. కాగితం కాలిపోతే బర్న్ అప్, ఇల్లు కాలిపోతే బర్న్ డౌన్. పైకీ కిందికీ తేడా లేనిచోట లాజిక్ వెతికితే పిల్లకి టైం వేస్టు. రోజుకి పది చొప్పున రాయించండి, నాలుగు రోజుల్లో అయిపోతుంది.

పంచదార డబ్బా:
మాస్టారూ, మీరు చెప్పిన కాలడం ఉదాహరణే మీకు ఎదురు తిరుగుతుంది. ఇల్లు కాలితే కప్పు కూలి నేలమట్టమవుతుంది కాబట్టి డౌన్, కాగితం కాలితే ఏమీ మిగలదు కాబట్టి అప్. ఇక్కడ అప్ అంటే పైకి కాదు, పూర్తిగా అని. ఈ ‘పూర్తిగా’ మన భాషలో ఎక్కడుందో చూడండి. “పంచదార వాడాను” అంటే డబ్బాలో ఇంకా ఉండొచ్చు, “పంచదార వాడేశాను” అంటే డబ్బా ఖాళీ, కొట్టుకి వెళ్లాల్సిందే. మొదటిది యూజ్, రెండోది యూజ్ అప్. తిను, తినేయి. తాగు, తాగేయి. చింపు, చింపేయి. ఈట్ అప్, డ్రింక్ అప్, టేర్ అప్. పాప అడిగిన గివ్ అప్‌కి అర్థం వదులు కాదు, వదిలేయి. మూడేళ్ల పిల్లకి కూడా తిను, తినేయి మధ్య తేడా తెలుసు, ఎవరూ లిస్టు ఇవ్వలేదు. ఆ తెలిసినదాని మీదుగా చెప్పకుండా నలభై మాటలు వంద సార్లు రాయించడం నాకు చాలా బాధగా ఉంటుంది, ఎందుకంటే నేనూ అలాగే రాసి పరీక్ష అయ్యాక అన్నీ మర్చిపోయాను.

రైలుకట్ట పక్కిల్లు:
అప్ అంటే ఎప్పుడూ ఎత్తే అనుకోవడం దగ్గరే తిరకాసు. బ్రిటన్ రైల్వేలో లండన్ వైపు వెళ్లేది అప్ లైన్. ఎడిన్‌బరోలో రైలెక్కి మ్యాపులో కిందికి, అంటే దక్షిణానికి, లండన్ వస్తున్నా అది అప్పే. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలో చదువుకి చేరడాన్ని ‘గో అప్’ అంటారు, కాలేజీ నుంచి తీసేస్తే ‘సెంట్ డౌన్’. పెద్దది అనుకున్న చోటు పైన, మిగతాది కింద. మనకీ ఆ రైలు మాటలే వచ్చాయి. తెనాలి నుంచి బెజవాడకి రోజూ అప్ అండ్ డౌన్ చేసేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు, పొద్దున వెళ్లేది అప్పో సాయంత్రం వచ్చేది అప్పో ఎవరూ అడగరు, వెళ్లి రావడం అంతే.

సెకండ్ గేరు:
“ముందు అప్ ఉంది, గేరు మార్చు” అంటాం, అది ఎత్తు. “బండికి పికప్ లేదు” అంటాం, అది ఇంజను ఊపు. “వాడి బిల్డప్ చూడు” అన్నది గొప్పలు చెప్పుకునేవాడిని. ఇవన్నీ మా షెడ్డులో కుర్రాళ్లు వాడేవే, ఎవడూ బట్టీ పట్టలేదు.

కోచింగ్ మాస్టారు:
వాడేయి, తినేయి బాగుంది, ఒప్పుకుంటున్నా. రేపటి నుంచి క్లాసులో చెబుతా కూడా. కానీ టర్న్ అప్‌ని అందులో ఎలా ఇరికిస్తారు? పుట్ అప్ విత్ అంటే భరించడం, దాని సంగతేంటి? మేక్ అప్ అంటే అలంకరణా, కట్టుకథ అల్లడమా, గొడవపడి కలిసిపోవడమా? పరీక్షలో అడిగేవి ఇవే.

పంచదార డబ్బా:
అన్నీ వాడేయి, తినేయిలో ఉన్న ‘వేయి’లోకి రావు, నిజం. టర్న్ అప్‌కి వేరే దారి ఉంది. మూడు రోజులు కనపడనివాడు వస్తే “వీడు ఇప్పుడు తేలాడు” అంటాం కదా, నీళ్లలో ఉన్నది పైకి వచ్చి కనపడినట్టు. షో అప్, కమ్ అప్ కూడా ఆ కోవలోవే. ఒక మాటకి ఇన్ని దారులేంటి అనుకుంటే మన ‘పై’ని చూడండి. పైచదువులు, పైసంపాదన, పైఊరివాడు, పైపైన చదవడం, ఎత్తుకి పైఎత్తు, “కష్టపడి పైకొచ్చాడు”, “పైకి నవ్వుతాడు గానీ”. వీటిలో నిజంగా ఎత్తున ఉన్నది ఏది? తెలుగు నేర్చుకునేవాళ్లకి ఎవరైనా ఇవి లిస్టు రాసిస్తే వాళ్లూ తల పట్టుకుంటారు. మేక్ అప్ మాత్రం ఒక్కో అర్థానికి ఒక్కో వాక్యం పెట్టి నేర్పాల్సిందే. పుట్ అప్ విత్‌కి నా దగ్గర దారి లేదు, అది బట్టీ పట్టించండి. నలభైలో ఐదారు బట్టీ పట్టడం వేరు, నలభై పట్టడం వేరు.

తొమ్మిదో తరగతి అమ్మ:
రాత్రి పాపతో కూర్చున్నా. నోట్సులో ‘వేయి’, ‘తేలు’, ‘ఎత్తు’ అని మూడు గళ్లు గీసింది. ఇరవై మూడు ‘వేయి’లో పడ్డాయి, తొమ్మిది మిగతా రెండిట్లో. ఎనిమిది బయట మిగిలాయి, వాటిని గోడకి అంటించింది. ‘వేకప్’ని ఎత్తులో వేయాలా, తేలులో వేయాలా అని వాళ్ల నాన్నతో ఇంకా వాదిస్తోంది. నిద్రలోంచి తేలడమే అని దాని వాదన. మీరేమంటారు?