గోల్ఫ్ ఆడితే నడక లెక్కలోకి వస్తుందా?

విశాఖ_సాగరం:
నాన్నగారికి 62. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నారు. నడుము అప్పుడప్పుడు పట్టేస్తుంది. పార్కులో నడవమంటే విసుగు, స్నేహితులు ఈస్ట్ పాయింట్‌కి గోల్ఫ్ ఆడదాం రమ్మంటే మాత్రం హుషారు. వారానికి రెండు రోజులు ఆడితే సరిపోతుందా? కోర్సులో (గోల్ఫ్ మైదానంలో) నడవకుండా గోల్ఫ్ బండిలో తిరుగుతూ ఆడినా ఉపయోగం ఉంటుందా?

నడక_ముఖ్యం:
నడిచి ఆడనివ్వండి. పూర్తి ఆట అంటే 18 హోల్స్ (బంతిని చేర్చాల్సిన గుంతలు), దానికి నాలుగు గంటలు పడుతుంది. బంతి ఎటు పోతే అటు నడవాలి కాబట్టి అడుగులు మామూలుగా పదివేలు దాటతాయి. ఊరికే కూర్చుంటే ఖర్చయ్యే శక్తిని 1 అనుకుంటే, బండిలో ఆడితే 3.5, బ్యాగు మోస్తూ నడిస్తే 4.3, ట్రాలీతో (బ్యాగు పెట్టుకునే చక్రాల బండితో) నడిస్తే 5.3గా లెక్కిస్తారు. అంటే బండి పూర్తిగా దండగేమీ కాదు, కానీ అసలు లాభం కాళ్లదే. మొదటి నెల 9 హోల్స్ చాలు. మిగతా రోజుల్లో అరగంట నడక మాన్పించకండి.

ఫిన్లాండ్‌లో 65 దాటిన గోల్ఫర్ల మీద చేసిన అధ్యయనం 2023లో వచ్చింది. 6 కి.మీ. నడకతో పోలిస్తే 18 హోల్స్ ఆడినప్పుడే రక్తంలో చక్కెర, కొవ్వులు కాస్త మెరుగ్గా కనిపించాయి. ఆట ఎక్కువసేపు సాగడమే అందుకు ముఖ్య కారణం. స్వీడన్‌లో 3 లక్షల మంది గోల్ఫర్లను పరిశీలించి 2009లో ప్రచురించిన లెక్కల్లో మరణాల రేటు 40 శాతం తక్కువ. అదంతా ఆట చలవే అనుకోకండి, ఆరోగ్యంగా ఉన్నవాళ్లే కోర్సుకి రాగలుగుతారు కదా.

షుగర్_జాగ్రత్త:
అందరూ మర్చిపోయేది గ్లిమెపిరైడ్ సంగతి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ వేసుకుని, టిఫిన్ సరిగ్గా తినకుండా నాలుగు గంటలు నడిస్తే మాత్రం పడిపోవచ్చు. ఆడే రోజు మాత్ర మోతాదు, వేళ గురించి ముందే డాక్టర్‌ని అడగండి. బయల్దేరే ముందు ఒకసారి, 9 హోల్స్ అయ్యాక ఒకసారి గ్లూకోమీటర్‌తో చూడాలి. 70 mg/dL కంటే తగ్గితే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 15 నిమిషాలు కూర్చుని మళ్లీ చూడాలి. చెమటలు, చేతి వణుకు వస్తే ఎండ వల్లేనని వదిలేయొద్దు. బ్యాగులో గ్లూకోజ్ పొడి ఉండాలి, తోటి ఆటగాళ్లకి విషయం తెలిసి ఉండాలి. వేసవిలో ఆరింటికే మొదలుపెట్టి, ఎండ ముదిరేలోపు ముగించాలి.

ఫిజియో_కోణం:
నడుముకి ముప్పు నడక వల్ల కాదు, స్వింగ్ (బంతిని కొట్టడానికి క్లబ్బు, అంటే గోల్ఫ్ కర్ర, ఊపడం) వల్ల. కుడిచేతి వాటం వాళ్లకి నొప్పి ఎక్కువగా నడుము కుడి పక్కన వస్తుంది, బంతిని కొట్టే క్షణంలో నడుము మెలి తిరుగుతూనే పక్కకి ఒరుగుతుంది కాబట్టి. కారు దిగి నేరుగా డ్రైవర్ (దూరం కొట్టే అతి పొడవైన క్లబ్బు) పట్టుకోవడమే అసలు తప్పు. పది నిమిషాలు తుంటి, భుజాలు కదిలించి, పొట్టి ఐరన్‌తో (లోహపు తల ఉన్న చిన్న క్లబ్బుతో) సగం స్వింగ్‌లు పది కొట్టాక పెద్ద క్లబ్బు పట్టాలి. నిలబడేటప్పుడు ఎడమ పాదం మునివేళ్లు కాస్త బయటికి తిప్పితే నడుము మీద మెలి తగ్గుతుంది. ట్రాలీని ఒంటిచేత్తో వెనక ఈడ్చకుండా ముందుకి తోయాలి. బంతి తీసేటప్పుడు నడుము గుండ్రంగా వంచొద్దు. ఒక చెయ్యి క్లబ్బు మీద ఆన్చి, ఒక కాలు వెనక్కి లేపుతూ తుంటి దగ్గర వంగాలి. ప్రాక్టీసులో గట్టి మ్యాట్‌ల మీద వంద బంతులు కొడితే మోచేతి లోపలి పక్క పట్టేస్తుంది, రోజుకి 40 దాటనివ్వకండి. నొప్పి కాలిలోకి దిగినా, తిమ్మిరి వచ్చినా ఆట ఆపేసి చూపించుకోవాలి.

విశాఖ_సాగరం:
చాలా థ్యాంక్సండీ. మాత్రల సంగతి తట్టనే లేదు. ఇంకొకటి, స్కోరు సరిగ్గా రాకపోతే ఆయనకి బీపీ పెరుగుతుందేమోనని భయం.

నడక_ముఖ్యం:
అందుకు స్టేబుల్‌ఫోర్డ్ పద్ధతిలో ఆడమనండి. హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని బట్టి ఇచ్చే షాట్ల మినహాయింపు) తీసేశాక పార్‌కి (ఆ హోల్‌కి నిర్ణయించిన షాట్ల సంఖ్యకి) 2 పాయింట్లు, ఒక షాట్ ఎక్కువైతే 1, రెండు ఎక్కువైతే సున్నా. సున్నా ఖాయమయ్యాక బంతి జేబులో వేసుకుని తర్వాతి హోల్‌కి నడవడమే. ఒక్క హోల్‌లో పది షాట్లు పోయినా మొత్తం ఆట చెడిపోదు. పందేలు మాత్రం పెట్టుకోనివ్వకండి. నలుగురితో మాట్లాడుతూ పచ్చికలో నడవడం వల్ల వచ్చే ప్రశాంతత డబ్బు లెక్కలు మొదలవగానే పోతుంది.