మహేంద్రగిరికి కుక్కతో నడక: పుష్యమాసపు చలిలో మీ అనుభవాలు చెప్పండి

కొత్తబాట (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఆరేళ్ల ఊరకుక్క ఉంది. నల్లగా ఉంటుంది కాబట్టి కర్రోడు అని పిలుస్తాము. రోజూ ఉదయం మహేంద్రతనయ గట్టు మీద నాతో నాలుగైదు కిలోమీటర్లు నడుస్తుంది. ఈ పుష్యమాసంలో ఒక ఆదివారం దానిని వెంటబెట్టుకొని మహేంద్రగిరి ఎక్కి, చీకటి పడేలోగా దిగిరావాలని నా ఆలోచన. 1,501 మీటర్ల ఎత్తున్న కొండ కదా, పైన చలికి అది తట్టుకోలేదేమోనని మా అమ్మగారు దిగులు పడుతున్నారు. నాన్నగారైతే "కుక్క తోక పట్టుకొని గోదారి ఈదినట్లే" అని నవ్వేశారు. ఇటువైపు కొండలకు కుక్కతో వెళ్లివచ్చిన వారు ఏమేమి చూసుకోవాలో చెప్పగలరా?

బరంపురం బాబాయి

చలి గురించి అమ్మగారు దిగులు పడనక్కరలేదు. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి, మీ ఊరికీ శిఖరానికీ ఎనిమిది తొమ్మిది డిగ్రీల తేడా ఉంటుంది. నడుస్తున్నంతసేపు అది కుక్కకు హాయిగానే ఉంటుంది, ఎందుకంటే మనలాగా ఒళ్లంతా చెమట పట్టే ఏర్పాటు దానికి లేదు, నాలుక చాపి రొప్పడం ద్వారానే వేడిని వదిలించుకోవాలి. ఎండాకాలంలో ఇదే కొండ ఎక్కించడం పాపం అనిపిస్తుంది గానీ, పుష్యమాసంలో కాదు. పైన గాలిలో అరగంట కూర్చున్నప్పుడు మాత్రం, ముఖ్యంగా గెడ్డలో, అంటే కొండవాగులో, దిగి తడిసి ఉంటే, వణుకుతుంది. ఒక పాత తువ్వాలు, ఒక గోనెసంచి తీసుకువెళితే సరిపోతుంది.

అసలు కష్టం దిగేటప్పుడు మొదలవుతుంది, ఈ సంగతి నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. కుక్క బరువులో సగానికి పైగా ముందుకాళ్ల మీదే ఉంటుంది. దిగుడులో ఆ భారం ఇంకా ముందుకు జరుగుతుంది. రెండేళ్ల క్రితం డిసెంబరులో మా లాబ్రడార్‌ను తీసుకువెళ్లినప్పుడు ఎక్కేటప్పుడు అది నాకంటే ముందే ఉంది. తిరుగుదారిలో గరుకు రాళ్ల మీద గంటన్నర నడిచాక ఒక చోట కూర్చుండిపోయింది. చూస్తే ముందుకాళ్ల అరికాళ్ల తోలు చిట్లి నెత్తురు కారుతోంది. టైల్స్ మీద పెరిగిన కుక్క పాదం ఆ రాళ్లకు ఎలా తట్టుకుంటుందన్న ఆలోచన నాకు అప్పటివరకు రానేలేదు. ముప్పై కిలోల జీవాన్ని దుప్పటిలో వేసుకొని, మా బావమరిది ఒక కొస, నేను ఒక కొస పట్టుకొని, పది అడుగులకొకసారి దించుతూ వచ్చేసరికి రాత్రి ఏడు దాటింది. ఈ రోజుల్లో అయిదున్నరలోపే సూర్యుడు దిగిపోతాడు. అందుచేత ఎక్కడి వరకు చేరినా సరే, మధ్యాహ్నం పన్నెండున్నరకు వెనక్కి తిరగాలని ఇంట్లోనే ఒట్టు పెట్టుకొని బయలుదేరండి. మీ కర్రోడు నేల మీద పెరిగినవాడు కాబట్టి పాదాలు గట్టిగానే ఉంటాయి గానీ, నెలరోజుల ముందునుంచి గట్టు మీద కాకుండా రాళ్లదారిలో నడిపించడం మంచిది.

కాఫీతోట (కొరాపుట్)

నేను మహేంద్రగిరికి రాలేదు. మా వైపు దేవమాలికి, అంటే ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన 1,672 మీటర్ల కొండకు, మా కుక్కతో మూడు చలికాలాలు వెళ్లాను. అక్కడ పైభాగమంతా చెట్లు లేని గడ్డిమైదానం కాబట్టి కుక్కను వదిలేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. నేనూ మొదటిసారి వదిలేశాను. దిగువన ఒక పరజ గూడెం దాటుతుండగా అది ఒక పెరట్లోకి దూరి రెండు కోళ్లను చంపింది. ఆ ఇంటి పెద్దావిడ కేకలు వేయలేదు, నా ముఖం చూసి తల తిప్పుకున్నారు, అంతే. అడిగిన దానికంటే ఎక్కువే చేతిలో పెట్టాను. అయినా తిరిగి వచ్చేటప్పుడు ఆవిడే పిలిచి మండియా పేజ్, మన మాటల్లో చోడిజావ, ఇచ్చారు. అది తాగుతుంటే నాకు గొంతు దిగలేదు. అప్పటినుంచి గూడేలలోనూ, పశువుల మందల దగ్గరా తాడు చేతిలోనే ఉంటుంది.

నౌపడలైను

బాబాయి గారు చెప్పినదంతా ఒప్పుకుంటాను గానీ, కాఫీతోట గారు చెప్పిన తాడు విషయంలో నాది వేరే మాట. లాబ్రడార్‌కు తాడు కావాలేమో, ఊరకుక్కకు అక్కరలేదు. అది యజమానిని కనిపెట్టుకొనే ఉంటుంది, పిలిస్తే వస్తుంది. పైగా అడవిలో ఏదైనా జంతువు ఉంటే మనకంటే ముందుగా పసిగట్టి మొరుగుతుంది. మా తాతగారు కొండపోడుకు వెళ్లినన్నాళ్లూ కుక్కను కట్టి తీసుకువెళ్లిన జ్ఞాపకం నాకు లేదు.

కాఫీతోట (కొరాపుట్)

నౌపడలైను గారూ, మొరిగిన తరువాత ఏమవుతుందో కూడా ఆలోచించండి. వదిలేసిన కుక్క పొదలో ఎలుగుబంటిని చూసి మొరుగుతుంది, రెచ్చగొడుతుంది, అది తిరగబడగానే భయపడి పరుగెత్తుకు వచ్చేది మన కాళ్ల దగ్గరికే. వెనకే ఎలుగు వస్తుంది. ఏనుగు విషయంలోనూ ఇంతే. గజపతి జిల్లాలోనే లఖారి లోయ అభయారణ్యం ఉంది, ఆ కొండల్లో ఏనుగుల రాకపోకలు ఉన్నాయి. చిరుతకైతే కుక్క ఇష్టమైన ఆహారం. మీ తాతగారికి ఆ అడవి తన పెరడులాంటిది, ఏ వేళకు ఏ జంతువు ఎక్కడ ఉంటుందో ఆయనకు తెలుసు. ఆదివారం పూట వెళ్లే మనకు తెలియదు. అభయారణ్యపు హద్దుల్లోకి మాత్రం తాడు ఉన్నా లేకపోయినా కుక్కను తీసుకువెళ్లకూడదు.

నౌపడలైను

కాళ్ల దగ్గరికే వస్తుందన్న మాట నిజమే, ఆ వైపునుంచి నేను ఆలోచించలేదు. ఉదయం బాగా వెలుతురు వచ్చేవరకు, సాయంత్రం నాలుగు తరువాత తాడు ఉండాలని ఒప్పుకుంటాను. పట్టపగలు వెడల్పాటి దారిలో మాత్రం నా మాట నాదే.

విశ్రాంత పశువైద్య సహాయకుడు (గుణుపురం)

ముప్పై ఏళ్లు ఈ కొండగ్రామాల్లో పశువులకు సూదులు వేసిన అనుభవంతో రాస్తున్నాను. వెళ్లే ముందు రేబిస్ టీకా గడువు చూడండి. దారిలోని ఊరికుక్కలు కొత్త కుక్కను చుట్టుముట్టడం మామూలే. ఊరి మొదట్లోనే ఎవరినైనా పిలిచి తోడుగా దాటించమంటే ఆనందంగా వస్తారు.

చలికాలంలో పిడుదులు ఉండవని చాలామంది అనుకుంటారు. తగ్గుతాయి గానీ పోవు. ఇంటికి రాగానే చెవి మడతల్లో, చంకల్లో, కాలివేళ్ల సందుల్లో, తోక మొదట్లో వేలితో తడిమి చూడండి. దొరికినదాన్ని చర్మానికి ఆనించి చిన్న పట్టుకారుతో పట్టి నిదానంగా పైకి లాగాలి. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. పిడుదు జ్వరం వెంటనే కనిపించదు, ఒకటి నుంచి మూడు వారాలకు బయటపడుతుంది. తిండి మానేసినా, చిగుళ్లు పాలిపోయినా, ముక్కునుంచి నెత్తురు వచ్చినా ఆ నడక సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. అది తెలియక ఆలస్యమైన కేసులు నేను చాలా చూశాను.

ఈ నెలల్లో గడ్డి ఎండి గింజలు ముళ్లలా ఉంటాయి. ఒక్క గింజ వేళ్ల మధ్య గుచ్చుకుంటే వెనక్కి రాదు, నడిచేకొద్దీ లోపలికే పోతుంది. చెవిలో పడితే కుక్క తల ఒక పక్కకు వంచి విదిలిస్తూ ఉంటుంది. అప్పుడు నూనె పోసి ఊరుకోకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. రక్తపింజర, మా వైపు పొడపాము అంటారు, చలికాలంలో ఉదయపు ఎండకు దారి పక్కన కదలకుండా పడుకుంటుంది. కుక్క వాసన చూడబోయి ముక్కు మీద కాటు తింటుంది. అప్పుడు దానిని నడిపించకుండా ఎత్తుకొని తీసుకురావాలి. మనుషులకు వాడే విషహర మందే కుక్కకూ పనిచేస్తుంది.

నీళ్లు, ఇంట్లో ఉన్నప్పుడే రోజుకు కిలో బరువుకు 50 నుంచి 60 మిల్లీలీటర్లు కావాలి. కొండకు అంతకు రెట్టింపు మోయండి. కిస్మిస్‌లు, చాక్లెట్టు, ఉల్లిపాయ వేసిన పులిహోర దానికి పెట్టకండి. పెరుగన్నం చాలు.

గజపతినగరి

ఉల్లిపాయ వేసిన పులిహోర ఎవరింట్లో చేస్తారండీ! అది అలా ఉంచితే, పైన భీముడి గుడి, కుంతి గుడి ఉన్నాయి. గర్భగుడి చిన్నది, జనం చెప్పులు విప్పి వెళతారు. కుక్కను దూరంగా చెట్టుకు కట్టి, ఇద్దరు మనుషులు వెళితే ఒకరి తరువాత ఒకరు దర్శనం చేసుకోండి. శివరాత్రి దగ్గరపడితే జనసందోహం ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో వద్దు.

కొత్తబాట (పర్లాకిమిడి)

మొన్న ఆదివారం వెళ్లివచ్చాము. ఆలస్యమైనందుకు మన్నించండి. కొండ కిందివరకు మిత్రుడి జీపులో వెళ్లి, ఆరున్నరకు నడక మొదలుపెట్టాము. తొమ్మిది వరకు పొగమంచులో పది గజాల అవతల ఏమీ కనిపించలేదు. ఆ వేళంతా తాడు నా మణికట్టుకే చుట్టి ఉంది. ఒక మలుపులో కర్రోడు చెవులు రిక్కించి అరుపు లేకుండా నిలబడిపోయాడు. మేమూ నిలబడ్డాము. అయిదు నిమిషాలకు ఆవులమందతో ఒక సవర కుర్రవాడు మంచులోంచి బయటకు వచ్చాడు. తాడు లేకపోతే ఆ మంద చెదిరిపోయేదే.

గుడులు ఇంకా పైనే ఉండగా పన్నెండున్నర అయింది. మిత్రుడు ఇంకొక్క గంట అన్నాడు. బాబాయి గారి దుప్పటి గుర్తుకు వచ్చి నేను ఒప్పుకోలేదు, దిగేవరకు మిత్రుడు నాతో మాట్లాడలేదు. దిగేటప్పుడు అరగంటకొకసారి కూర్చోబెట్టి పాదాలు చూశాను, చిట్లలేదు. కుడి ముందుకాలి వేళ్ల మధ్య రెండు గడ్డిగింజలు ఉంటే అక్కడే తీసేశాను. నాలుగున్నరకు జీపు దగ్గర ఉన్నాము. రెండు లీటర్ల నీళ్లు మోశాను, అన్నీ అయిపోయాయి.

రాత్రి దీపం పెట్టుకొని ఒళ్లంతా తడిమితే ఎడమచెవి మడతలో ఒకే ఒక పిడుదు దొరికింది. పట్టుకారుతో తీశాను. అమ్మగారు ఆ తేదీకి గోడ మీది క్యాలెండరులో సున్నా చుట్టి, మూడు వారాల తరువాతి ఆదివారానికి ఇంకొకటి చుట్టారు.