తగ్గించుకోవడం అంటే నోరు మూసుకోవడమేనా?

ప్రశ్న:
అందరికీ వందనాలు. మా బైబిల్ స్టడీలో ఇది ఎప్పటికీ తెగని విషయం. బాగా చదువుకుని వచ్చి మాట్లాడేవాళ్లని "కాస్త తగ్గించుకో బ్రదర్" అంటారు, ఏమీ మాట్లాడకుండా కూర్చున్నవాళ్లని "ఎంత దీనత్వమో" అని మెచ్చుకుంటారు. ఒక సిస్టర్ చక్కగా పాడుతుంది, బాగుందంటే చాలు "అయ్యో నాకేం రాదండీ" అంటుంది, అది నిజం కాదని ఆమెకీ తెలుసు, మాకూ తెలుసు. మరి అహంకారం వదలడం అంటే ఉన్నది లేదని చెప్పడమా?

జవాబు 1:
కాదండీ. యోహాను 13వ అధ్యాయం మెల్లగా చదవండి. తండ్రి సమస్తం తన చేతికి అప్పగించాడని యేసుకు తెలుసు అని 3వ వచనంలో ఉంది, ఆ వెంటనే ఆయన భోజనం దగ్గరనుంచి లేచి, పైవస్త్రం తీసి పక్కన పెట్టి, నడుముకు తువాలు కట్టుకుని, పళ్లెంలో నీళ్లు పోసి శిష్యుల కాళ్లు కడిగాడు. తానెవరో బాగా తెలిసే వంగాడు. తనను పట్టించబోయే శిష్యుడు యూదా బయటికి వెళ్లింది ఆ తర్వాతే, అంటే అతని కాళ్లూ కడిగాడు! అదే ప్రభువు, విచారణలో ఒక బంట్రౌతు తన చెంపమీద కొట్టినప్పుడు, నేను మాట్లాడింది మంచిదైతే ఎందుకు కొడుతున్నావని సూటిగా అడిగాడు. ఆ సిస్టర్ "దేవునికి స్తోత్రం, థాంక్స్ అండీ" అంటే సరిపోతుంది.

జవాబు 2:
నాకైతే ఈ విషయంలో ఉజ్జియా రాజే గుర్తొస్తాడు, 2 దినవృత్తాంతములు 26. 16 ఏళ్లకే రాజయ్యాడు, 52 ఏళ్లు ఏలాడు, బురుజులు కట్టించాడు, బావులు తవ్వించాడు, వ్యవసాయమంటే ప్రాణం. ఈ సామర్థ్యాన్ని బైబిల్ ఎక్కడా తప్పుపట్టలేదు. బలవంతుడయ్యాక మనసులో గర్వించి, యాజకులు మాత్రమే చేయాల్సిన ధూపం తానే వేస్తానని మందిరంలోకి వెళ్లాడు. అజర్యా, ఇంకో 80 మంది యాజకులు ఎదురు నిలిచి "ఇది నీ పని కాదు" అన్నారు. అప్పుడైనా వెనక్కి రావచ్చు కదా, ధూపార్తి చేతిలో పట్టుకునే వాళ్లమీద మండిపడ్డాడు, అక్కడే నొసటిమీద కుష్ఠు పుట్టింది. అందుకే ఎవరైనా మనల్ని సరిదిద్దినప్పుడు లోపల ఏం లేస్తుందో చూసుకోవాలి అంటాను.

ప్రశ్న అడిగినవారు:
బాగా చెప్పారు. కానీ సరిదిద్దేవాళ్లే పొగరుగా మాట్లాడితే?

జవాబు 2:
ముందు ఆ మాటలో నిజం ఉందా అని చూడండి, ఉంటే తీసుకోండి. మాట్లాడిన తీరు గురించి తర్వాత, వాళ్లతో విడిగా చెప్పొచ్చు.

జవాబు 3:
ఒక్క మాట కలుపుతాను. పేతురు తప్పుచేసినప్పుడు పౌలు అందరి ముందూ ముఖాముఖిగా ఎదిరించాడు, గలతీ 2లో ఉంది. ఫిలిప్పీ 2లో ఇతరులను తనకంటే యోగ్యులుగా ఎంచమని రాసిందీ ఆ పౌలే. ఆ మాట ఎవరికి వారు తమకోసం చదువుకోవాల్సింది. ఎదుటివాడి నోరు మూయించడానికి "తగ్గించుకో" అని వాడేవాళ్లు, పెద్దలైనా సరే, దాన్ని ముందు తమకు తాము చెప్పుకోవాలి. మీరు చదువుకుని వెళ్లడం మాత్రం మానకండి బ్రదర్.