శరత్తు వస్తే మారేది మన ఇష్టమా, షాపులో బొమ్మల బట్టలా?

ఊలుదారం:
సెప్టెంబరు నాలుగో వారం వచ్చిందంటే నాకు ఏటా ఇదే తంతు. మొన్నటిదాకా కంటికి ఇంపుగా ఉన్న లేత నిమ్మరంగు టాపు ఉన్నట్టుండి వెలవెలబోయినట్టు అనిపిస్తుంది. ఇటుక రంగు, ఆవాల రంగు, ముదురు ఆకుపచ్చ, వీటి మీదకే చెయ్యి పోతుంది. అసలు చలే మొదలవలేదు, మధ్యాహ్నం చెమట పడుతూనే ఉంది. అంటే ఇది వాతావరణం కోసం చేసుకునే ఏర్పాటు కాదు, మనలోనే ఇష్టం మారుతోంది అని నా వాదన. మా ఇంట్లో వాళ్లేమో "నీ ఇష్టం ఎక్కడికీ పోలేదు, షాపులో అద్దాల వెనక బొమ్మలకు బట్టలు మార్చారు, అంతే" అంటున్నారు. మీకూ ఇలా ఉంటుందా, లేక నాకొక్కదానికేనా?

ఒకే_చొక్కా:
మీ ఇంట్లో వాళ్లు కరెక్టుగా చెప్పారు. సెప్టెంబరులో న్యూయార్క్, లండన్, మిలాన్, పారిస్‌లో వరసగా ఫ్యాషన్ వీక్‌లు జరుగుతాయి కదా, వాటిలో చూపించేది వచ్చే ఏడాది వసంతానికీ వేసవికీ బట్టలు. మీరు ఇప్పుడు "నాలో ఇష్టం మారింది" అంటున్న రంగులు ఫిబ్రవరి, మార్చిలోనే ర్యాంపు ఎక్కి దిగిపోయాయి, అంతకు ఎంతో ముందే ఎక్కడో మిల్లులో నూలుకు అద్దారు. అవి అద్దే రోజుకి మీరు కిందటేడు స్వెటర్లు ఇంకా మడిచి లోపల పెట్టి ఉండరు. ఎండలు తగ్గకముందే షాపుల్లో కోట్లు వేలాడదీసేది ఊరికే కాదు. నెలరోజులు అవే చూస్తారు, సెప్టెంబరు చివరికి అది మీకే పుట్టిన కోరిక అయిపోతుంది.

మబ్బుపట్టింది:
నేనింకా షార్ట్స్‌లోనే ఉన్నా. మీరు కానివ్వండి.

కుట్టుపని:
ఇద్దరూ రంగు పట్టుకుని లాగుతున్నారు గానీ బట్ట గురించి ఒక్క మాట లేదు. నేను కుట్టేదాన్ని కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. వేసవిలో పలచటి బట్ట, ఒకటే పొర, దాంట్లో ఎంపిక చేసుకోవడానికి ఏముంటుంది? గాలి ఆడాలి, ఒంటికి అంటుకోకూడదు, అంతటితో సరి. చల్లబడ్డాక పొరలు వస్తాయి. చాలామంది మందపు బట్టే వెచ్చదనం ఇస్తుందనుకుంటారు, కానీ వేడిని ఆపేది పొరల మధ్య, దారాల మధ్య చిక్కుకున్న గాలి. అందుకే ఒక బరువు కోటు కన్నా లోపల పలచటి ఉన్ని, పైన వదులు జాకెట్ హాయిగా ఉంటాయి. మందపు బట్ట ఆకారం నిలుపుతుంది కూడా, కాలరు నిలబడుతుంది, భుజం భుజంలా కనిపిస్తుంది.

ఇక రంగు సంగతి. కార్డురాయ్ మీద గాడులు, ఫ్లానెల్ మీద నూగు, వెల్వెట్ పోగు వెలుతురును తమలోకి లాక్కుంటాయి, అందుకే వాటి మీద ముదురు రంగు లోతుగా కనిపిస్తుంది. అదే గోధుమ రంగు పలచటి కాటన్ మీద వేసి చూడండి, బురద పూసినట్టు ఉంటుంది. మీరు ఇష్టపడేది ఇటుక రంగును కాదు ఊలుదారం గారూ, ఇటుక రంగు పట్టిన ఉన్నిని.

ఊలుదారం:
మీరు చెప్పింది బాగుంది గానీ, అక్టోబరులో నేను గోళ్ల రంగు కూడా మారుస్తాను. గోళ్లకు నూగు ఎక్కడిదండీ?

ఒకే_చొక్కా గారికి: ఆకులు చూడండి. పచ్చదనం విరిగిపోయాక కనిపించే పసుపు అప్పుడు కొత్తగా వచ్చింది కాదు, వేసవంతా ఆకులోనే ఉంది, పత్రహరితం కప్పేసింది. నా ఇష్టమూ అలాంటిదే అంటున్నాను. వేడిలో కప్పబడిపోతుంది, వేడి తగ్గాక బయటికొస్తుంది. ర్యాంపు మీద ఎవరో నడిచారని వచ్చింది కాదు.

ఒకే_చొక్కా:
ఆకుల దాకా వెళ్లారు కాబట్టి పూర్తిగా చెప్పండి. పసుపు ముందే ఉంటుంది, నిజమే. ఎరుపు అలా కాదు. ఆ ఎరుపునిచ్చే ఆంథోసయనిన్లు చాలా చెట్లలో శరత్తులోనే కొత్తగా తయారవుతాయి. మరి మీ ఇటుక రంగు ఏ లెక్కలోకి వస్తుంది, ముందే ఉన్నదా, కొత్తగా తయారైందా?

ఊలుదారం:
ఇటుక రంగు ఎరుపు కాదు.

ఒకే_చొక్కా:
ఎరుపు లేకుండా ఇటుక రంగు ఎలా వస్తుందో చెప్పండి, వింటాను.

రెండోబీరువా:
నన్ను చూసి ఒకావిడ "నీది ఆటమ్ టైపు" అంది. ఒంటి ఛాయ, జుట్టు రంగు చూసి మనుషుల్ని నాలుగు ఋతువులుగా విడదీసే పద్ధతి 1980లలో తెగ నడిచింది, ఇప్పుడు ఫోన్లలో మళ్లీ మొదలైంది. దాని ప్రకారం నేను ఏడాది పొడుగునా ఇటుక రంగే వేసుకోవాలట. మే నెలలో కూడా. కాబట్టి నాకు శరత్తు రావడమూ లేదు, పోవడమూ లేదు.

దక్షిణార్ధం:
నేనుండేది భూమధ్యరేఖకు కింద. మాకు శరత్తు మార్చిలో మొదలవుతుంది. అప్పుడు నా ఫోన్ నిండా పూల గౌన్లు, లేత గులాబీ, లేత నీలం, "వసంతం వచ్చేసింది" అని ఒకటే సందడి. అయినా ఏప్రిల్‌లో నా చెయ్యి ముదురు రంగు స్వెటర్ మీదకే పోతుంది. ప్రచారమే అంతా చేస్తుందనేవాళ్లు దీనికేం చెప్తారు?

ఒకే_చొక్కా:
మీ దగ్గర షాపులు మీ కాలాన్ని బట్టే సరుకు పెడతాయి కదండీ.

దక్షిణార్ధం:
పెడతాయి. నేను రోజూ చూసేది షాపుని కాదు, ఫోన్ని.

ఊలుదారం:
చూశారా!

ఇంకో మాట. 15 డిగ్రీలు అనుకోండి. వసంతంలో 15 వస్తే జనం కోట్లు విప్పేసి ఎండలో కూర్చుంటారు. శరత్తులో అదే 15కి స్వెటర్ తొడుక్కుని స్కార్ఫ్ వెతుక్కుంటారు. ఉష్ణోగ్రత ఒకటే, కోరిక వేరు. మనసులో ఏమీ మారకపోతే ఇది ఎందుకు జరుగుతుంది?

ఒకే_చొక్కా:
మనసు కాదు, ఒళ్లు. మూడు నెలలు వేడికి అలవాటు పడ్డ ఒంటికి 15 చలి. చలికాలం నుంచి బయటపడ్డ ఒంటికి అదే 15 వెచ్చన. దీనికి కవిత్వం అక్కర్లేదు. బట్టల వెచ్చదనానికి "క్లో" అని ఒక కొలత కూడా ఉంది, 1941లో పెట్టారు. సుమారు 21 డిగ్రీలుండే గదిలో ఊరికే కూర్చున్న మనిషికి హాయిగా ఉండేంత బట్టలు ఒక క్లో, మామూలు సూటు దాదాపు అంత. చలి పెరిగితే క్లో పెంచుకోవాలి. ఆ లెక్కలో రంగు ఎక్కడా లేదు, గమనించండి.

కుట్టుపని:
ఆ లెక్క గదిలో కదలకుండా కూర్చున్న మనిషికి కదా. బస్సు కోసం పరిగెత్తే మనిషికి అదే సూటులో చెమట పడుతుంది.

ఊలుదారం:
15 డిగ్రీలకు ఒళ్లు వేరుగా స్పందించినా, ఏ స్వెటర్ అన్నది ఒళ్లు చెప్పదుగా. నేనడిగింది అది.

ఒకే_చొక్కా:
మీరు అడిగింది మారుస్తూ పోతున్నారు.

మబ్బుపట్టింది:
ఉన్ని ప్యాంటు బయటికి తీస్తే మోకాలి దగ్గర కన్నాలు. ఎవరి పని?

కుట్టుపని:
పురుగు. ఎగిరే పురుగు కాదు, అది ఏమీ తినదు, దాని పిల్ల పురుగు తింటుంది. చెమట, తిండి మరకలు ఉన్నచోటే ముందు కొరుకుతుంది, అందుకే లోపల పెట్టేముందు ఉతకాలి. మిగతా ఉన్ని బట్టల్ని గట్టిగా కవర్లో కట్టి ఫ్రీజర్‌లో మైనస్ 18 దగ్గర రెండు వారాలు ఉంచండి. పక్కన ఇంకేవి పెట్టారో అవీ చూడండి.

ఒకే_చొక్కా:
నాకు దీంట్లో ఇంత పట్టింపు ఎందుకో చెప్తా వినండి. నేను ఏళ్ల తరబడి బూడిద రంగు చొక్కాలే వేస్తున్నా. ఒకే రకం, ఒకే కొలత, చలి పెడితే పైన నల్ల స్వెటర్. పొద్దున్నే ఆలోచించే పని లేదు. ఆఫీసులో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు, ఈ శరత్తు వచ్చేదాకా. అప్పుడు మొదలవుతుంది. "సీజన్ మారినా నువ్వు మారవా?" "కాస్త కలర్ వెయ్యి బాస్." ఒకసారి క్లయింట్ మీటింగుకి, పని చేసింది నేనైతే, లేయర్లూ స్కార్ఫూ వేసుకుని ఫొటోలో దిగినట్టు వచ్చినాయన్ని తీసుకెళ్లారు. కారణం అడిగితే "ప్రెజెంటేషన్ కూడా ముఖ్యం కదా" అన్నారు. కాబట్టి ఇది మీ ఒక్కరి సరదా కాదండీ. మీ అందరికీ సెప్టెంబరులో ఇష్టాలు మారితే, మారని వాడు సోమరిగానో పిసినారిగానో లెక్క.

ఊలుదారం:
మీ మేనేజరు చేసిన పనికి నా స్వెటర్ ఏం చేసిందండీ? వెళ్లి ఆయన్ని అడగండి.

ఒకే_చొక్కా:
అడిగాను కాబట్టే చెప్తున్నా. పోస్టు పోస్టుకీ "నాలో", "నా ఇష్టం" అంటున్నారు. నిజంగా అంత లోతైన ఇష్టమైతే కిందటేడు కొన్న ఆవాల రంగు స్వెటర్ ఈ ఏడూ సరిపోవాలి. సరిపోదు, ఇంకోటి కావాలి. బీరువా నిండా ఒక్కసారి తొడిగి వదిలేసినవి పెట్టుకుని దానికి ఋతువు పేరు చెప్పుకోవడం!

ఊలుదారం:
నా బీరువా మీరు ఎప్పుడు చూశారు? నా దగ్గర స్వెటర్లు తక్కువే, వాటిల్లో ఒకటి మోచేతుల దగ్గర అతుకులేసింది.

సరే, ఎటూ ఇంత దాకా వచ్చింది. వేసవి నాకు శిక్ష. పలచటి బట్ట వేస్తే చేతులు కనిపిస్తాయి, పొట్ట కనిపిస్తుంది. ఎవరి ఇంటికి వెళ్లినా పలకరింపు కన్నా ముందు చూపు వచ్చి నా భుజాల దగ్గర ఆగుతుంది. "కాస్త ఒళ్లు చేసినట్టున్నావే" అంటారు. ఆ నాలుగు నెలలూ పొద్దున నేను ఆలోచించేది ఏం వేసుకోవాలని కాదు, ఏం కనిపించకుండా చూసుకోవాలని. చల్లబడగానే జాకెట్ వస్తుంది, అప్పుడు జనం "ఈ రంగు బాగుంది, ఎక్కడ కొన్నావు" అంటారు. నా ఒంటి గురించి మాట్లాడటం మానేసి నేను ఎంచుకున్న దాని గురించి మాట్లాడతారు. నాకు ఇష్టాయిష్టాలు ఉన్నాయని నాకు గుర్తొచ్చేదే అప్పుడు. దీన్ని కూడా ర్యాంపు మీద ఎవరో నేర్పారంటారా?

రెండోబీరువా:
ఇది మొదటి పోస్టులోనే రాసి ఉంటే ఇటుకల గొడవ తప్పేది.

కుట్టుపని:
ఊలుదారం గారూ, మీ మీద కోపంతో అనట్లేదు, అయినా అంటాను. మీకు ఇష్టమైనది శరత్తు కాదు, మరుగు. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో సగం మంది ఏడాది పొడుగునా అడిగేది అదే, "ఇక్కడ కొంచెం వదులు", "చెయ్యి ఇంకాస్త కిందికి", "నడుము తెలియకూడదు". వేసవిలో ఉక్కతో చస్తూ కూడా మోచేతి కిందికి చేతులు కావాలంటారు. ఇన్నేళ్లూ కుట్టి కుట్టి నాకు విసుగొచ్చింది. చూసేవాడి నోరు మూయించాల్సింది పోయి మనం కోటు బొత్తాలు పెట్టుకుంటున్నాం, దానికి మళ్లీ అభిరుచి అని పేరు.

ఊలుదారం:
చూసేవాళ్ల నోరు మూయించడం ఎప్పటికవుతుంది? నేను రేపు పొద్దున బయటికెళ్లాలి. జాకెట్ వేసుకున్నందుకు కూడా మీకు సంజాయిషీ ఇవ్వాలా? లావుగా ఉన్నావని వాళ్లు, దాక్కుంటున్నావని మీరు.

కుట్టుపని:
నేను మిమ్మల్ని అనలేదు, అలవాటుని అన్నాను.

ఊలుదారం:
అలవాటు నాదే కదా.

ఒకే_చొక్కా:
ఒంటి గురించి ఎవరైనా అంటే అది తప్పే, దాంట్లో నేను మీ వైపే. కానీ ఇప్పుడు అసలు తేడా ఎక్కడుందో తేలింది. నన్ను ఎవరూ గమనించకూడదని నేను ఒకే చొక్కా వేస్తాను. మీరు ఒంటిని చూడకండి, బట్టల్ని చూడండి అంటున్నారు. అంటే చూడటం మాత్రం ఉండాలి మీకు. ఆ చూడటం ఉన్నంతకాలం నాలాంటి వాడిని కూడా తూకం వేస్తూనే ఉంటారు.

ఊలుదారం:
అవును, చూడాలి. నేను పొద్దున్నే లేచి రెండు రంగులు పక్కపక్కన పెట్టుకుని సరిపోయాయా లేదా అని చూసుకునేది ఎవరూ చూడకూడదని కాదు. అది నాకు సంతోషం. మీకు ఎవరూ చూడకపోవడం సంతోషం. మీ సంతోషం కోసం నేను బూడిద రంగు వేసుకోను.

నిర్వాహకుడు:
ఒకరి బీరువా, ఒకరి ఒళ్లు, ఒకరి ఆఫీసు ఇక పక్కన పెట్టండి. ఇంకో వ్యక్తిగత వ్యాఖ్య వస్తే తీసేస్తాను.

దక్షిణార్ధం:
మాకు ఇప్పుడు వసంతం. నేనూ ఊలుదారం గారిలాగే జాకెట్ మనిషిని, మొన్న విప్పేయాల్సి వచ్చింది. అప్పట్నుంచి మళ్లీ వదులు చొక్కాలు మొదలు. ఆవిడ చెప్పింది ఋతువు తిరగేసి చదివినా సరిపోయింది.

కుట్టుపని:
చేతుల్లేని టాపు ఒకటి మీ కొలతకి సరిగ్గా కుట్టించుకుని చూడండి, ఇద్దరికీ చెప్తున్నా. రెడీమేడ్‌లో చంక దగ్గర కోత అందరికీ ఒకేలా ఉంటుంది, అది సరిపడకే సగం మంది తమ చేతులు బాగోవనుకుంటారు.

ఊలుదారం:
వద్దండీ. అక్టోబరు వస్తోంది, నా జాకెట్ నాకు చాలు.

ఒకే_చొక్కా:
15 డిగ్రీల సంగతిలో నేను చెప్పింది తప్పని మాత్రం ఎవరూ అనలేదు.