చెన్నై ఉక్కపోతలో కస్టర్డ్ డోనట్లు: నింపడం ఎలా?

పెరంబూరులో మా ఇంట్లోనే ఆర్డర్ల మీద డోనట్లు చేసి ఇస్తుంటాను. నడుమ చిల్లు ఉండే రకంతో ఇబ్బంది లేదు. లోపల కస్టర్డ్ నింపే గుండ్రటి రకం గురించి అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను.

మైదా, పాలు, గుడ్డు, వెన్న, ఈస్ట్ కలిపిన ముద్ద పొంగాక, అర అంగుళం మందాన ఒత్తి, గ్లాసు అంచుతో బిళ్లలు కోసి, మళ్లీ పొంగనిచ్చి, సుమారు 180 డిగ్రీల సెల్సియస్ వేడి ఉన్న నూనెలో రెండు వైపులా వేయిస్తాను. నడుము చుట్టూ తెల్లని పట్టీ చక్కగానే వస్తోంది కనుక పొంగు సరిపోతోందని నా అంచనా. అయితే చల్లారాక పక్కన పుల్లతో గుచ్చి, కోన్ మూతిని దూర్చి నొక్కితే, కస్టర్డ్ ఒక మూలనే పేరుకుని, మిగిలినది అదే చిల్లులోంచి వెనక్కి కక్కుతోంది. పుల్లను లోపల అటూ ఇటూ తిప్పి చోటు చేయాలా, లేక పిండినే మరికాస్త మెత్తగా కలపాలా?

మరొక సందేహం. మే నెల ఎండలకు బిళ్లలు మితిమీరి పొంగి, నూనెలో వేయడానికి చేత్తో ఎత్తగానే అణిగిపోతున్నాయి. ఒక్కొక్కదాన్ని చదరపు బట్టర్ పేపర్ ముక్క మీద ఉంచి, కాగితంతో సహా నూనెలోకి జారవిడిచే పద్ధతి నాకు నచ్చింది. దానితోపాటు ముద్దను రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచేవారు ఈస్ట్ ఎంత తగ్గిస్తారు? జామ్ నింపితే ఇంత హడావిడి ఉండదు గానీ, పిల్లలు కస్టర్డే అడుగుతున్నారు. అది ఈ వేడికి బయట నిలవదు కనుక, ఆర్డరు ఇచ్చినవారు వచ్చే ముందే నింపుతున్నాను. ముందే నింపి ఫ్రిజ్‌లో పెడితే డోనట్ గట్టిపడకుండా ఉండే ఉపాయం తెలిసినవారు దయచేసి వివరించగలరు.