అప్‌డేట్: నా ప్రీబిల్ట్ (కంపెనీ వాళ్లే బిగించి అమ్మిన) పీసీలో 4060 గ్రాఫిక్స్ కార్డ్ వేద్దామనుకున్నా, సైడ్ ప్యానెల్ తీసి చూశాక సంగతి

పోయిన నెల అడిగాను కదా, ఐ5 12400 ప్రాసెసర్ ఉన్న ప్రీబిల్ట్‌లో ఆర్‌టీఎక్స్ 4060 పెట్టొచ్చా అని, ముందు పవర్ సప్లై చూడమన్న అన్నలందరికీ చాలా థ్యాంక్స్, మీరు చెప్పకపోయుంటే కార్డ్ కొనేసేవాణ్ణి. విప్పి చూస్తే పవర్ సప్లై 300 వాట్లే, కార్డ్‌కి కావాల్సిన 8 పిన్ వైరే లేదు, పైగా మదర్‌బోర్డ్‌కి మామూలు 24 పిన్ పవర్ కనెక్టర్ కాకుండా కంపెనీ సొంత కనెక్టర్ పెట్టారు, అంటే పవర్ సప్లై మారిస్తే బోర్డ్ కూడా మార్చాలి, బోర్డ్ మారిస్తే స్క్రూ హోల్స్ కలవవు కాబట్టి క్యాబినెట్ కూడా. కొన్నప్పుడు రేటు మాత్రమే చూశా, ఇవేవీ అడగలేదు, చాలా బాధేసింది.

సికింద్రాబాద్ సీటీసీకి (కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్) వెళ్లి నా పాత ప్రాసెసర్, డీడీఆర్4 ర్యామ్ సరిపోయే బీ660 బోర్డ్, 550 వాట్ల పవర్ సప్లై, క్యాబినెట్ తీసుకున్నా. ప్రాసెసర్, ర్యామ్, ఎస్ఎస్‌డీ పాతవే వాడుకున్నా. ఇంకో 8 జీబీ ర్యామ్ స్టిక్ వేసి డ్యూయల్ ఛానెల్ (రెండు స్టిక్‌లు ఒకేసారి పనిచేసేలా) చేశాక గేమ్ మధ్యలో ఆగి ఆగి వచ్చేది బాగా తగ్గింది, ఇది మాత్రం ఎవరైనా ముందు చేయండి. ఒక్కటి గుర్తుపెట్టుకోండి బ్రో, ప్రీబిల్ట్‌తో వచ్చిన విండోస్ లైసెన్స్ పాత బోర్డ్‌తోనే పోయింది, కొత్తది కొనాల్సొచ్చింది. కార్డ్ వచ్చే నెల జీతం పడ్డాక.