2012 పోర్షె కేమన్ కారుకి ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోవాలా?

అన్నలూ, ఉండేది ఫ్రిస్కోలో. పదేళ్ల కోరిక, 2012 పోర్షె కేమన్ ఎస్ దొరికింది. 61 వేల మైళ్లు, మాన్యువల్ గేరు. డీలరు మూడేళ్ల వారంటీకి 4,200 డాలర్లు అంటున్నాడు, అదీ ఈరోజే తేల్చాలట. ఇంజన్ లోపల ఇంటర్మీడియట్ షాఫ్ట్‌కి ఉండే ఐఎంఎస్ బేరింగ్ పోతే ఇంజనే పోతుందని మా ఆవిడ భయపడుతోంది. ఏం చేయమంటారు?

జవాబు 1
తమ్ముడూ, ముందు మా చెల్లెమ్మకి ధైర్యం చెప్పు. ఆ బేరింగ్ గొడవ 2008 దాకా వచ్చిన ఇంజన్లది. 2009లో మార్చిన ఇంజన్లో ఆ షాఫ్టే లేదు.

ఇక డీలరు అమ్మేది వారంటీ కాదు, సర్వీస్ కాంట్రాక్టు, అంటే విడిగా డబ్బు కట్టి కొనుక్కునే రిపేరు ఒప్పందం. సంతకానికి ముందే పూర్తి కాగితం అడిగి, మినహాయింపుల పేజీ చదువు. నేను చదవలేదు. నా పాత పోర్షె బాక్‌స్టర్ కింద, గరాజ్ నేల మీద పళ్లెమంత గులాబీ మరక కనిపించింది. వాటర్ పంపు లీకు. "కారడం కవర్ కాదు, పగిలితేనే" అన్నారు కాంట్రాక్టు వాళ్లు. 1,300 డాలర్లు నా జేబులోంచే పోయాయి. ఇప్పటికీ కడుపు మండుతుంది.

పోర్షెలు చేసే బయటి మెకానిక్‌తో చెక్ చేయించు. మాన్యువల్ కాబట్టి ఓవర్‌రెవ్ రిపోర్టు (ఇంజన్ హద్దు దాటి తిరిగిన లెక్క) తప్పకుండా తీయించు. గేరు తప్పు వేసి ఇంజన్ని ఎంత హింసించారో అందులో తెలుస్తుంది.

జవాబు 2
పెద్ద రిపేరు వస్తే ఒకేసారి నాలుగైదు వేలు తీయలేకపోతే, వారంటీ తీసుకోవడం తప్పేం కాదండీ. కాకపోతే ధర బేరమాడండి, తగ్గిస్తారు. లోన్‌లో మాత్రం కలపొద్దు, దానికీ వడ్డీ పడుతుంది.

అడిగినవాడిని
థాంక్స్ అన్నా. కాగితం అడిగితే సంతకం తర్వాతే ఇస్తానన్నాడు డీలరు, ఆ వారంటీ వద్దని చెప్పేశాను. శనివారం కారుని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తున్నా.